లువార్ నది ఒడ్డున ఆరు రోజులు, రోజుకో రొట్టె

బ్లువా ఊళ్లో పొద్దున్న ఏడింటికి ఒక బులాంజెరీ ముందు సైకిలు ఆపాను. ఫ్రాన్స్‌లో రొట్టెల దుకాణాన్ని అలాగే అంటారు. అప్పుడే ఓవెన్‌లోంచి తీసిన బాగెట్లు, అంటే కర్రల్లా సన్నగా పొడుగ్గా ఉండే రొట్టెలు, బుట్టలో నిలబెట్టి ఉన్నాయి. వాటి దగ్గర సన్నగా చిటపట వినిపిస్తోంది. వేడి రొట్టె చల్లారేటప్పుడు పైపెచ్చు బీటలు వారుతూ చేసే చప్పుడది. రొట్టె పాడుతోంది అంటారు అక్కడ. నేను ఫ్రాన్స్ వెళ్లింది ఆ పాట కోసమే, కోటల కోసం కాదు.

హైదరాబాద్‌లో బ్రెవేలు, అంటే ఇచ్చిన గడువులోపు వందల కిలోమీటర్లు పూర్తి చేయాల్సిన సైకిలు రైడ్లు, తొక్కేటప్పుడు ఏది దొరికితే అది నోట్లో వేసుకోవడమే. అరటిపండు, గ్లూకోజ్ బిస్కెట్లు, ధాబాలో ఆమ్లెట్. 90 గంటల్లో 1200 కిలోమీటర్లు తొక్కే పారిస్-బ్రెస్ట్-పారిస్‌కి వెళ్లొచ్చిన మిత్రులు, దారి పొడవునా పల్లెవాళ్లు ఇళ్ల ముందు టేబుళ్లు వేసి కాఫీ, రొట్టె ఇచ్చారని చెబుతుంటే నోరూరేది. ఆ రొట్టెని గడియారం చూసుకోకుండా తినాలని అప్పుడే అనుకున్నాను. అందుకే ఈ జూన్‌లో లువార్ నది వెంట ఉన్న సైకిలు దారి పట్టాను. మొత్తం దారి దాదాపు 900 కిలోమీటర్లు. నేను తొక్కింది ఓర్లియాన్ నుంచి ఆంజే దాకా, అటూ ఇటూ తిరిగిందంతా కలిపి మూడొందలు.

దారికి వంక పెట్టడానికేం లేదు. గట్టు మీద, చిన్న రోడ్ల మీద చదునుగా పోతుంది, మలుపు మలుపుకీ గుర్తులున్నాయి. సముద్రం వైపు తొక్కితే తరచూ ఎదురుగాలి, అదొక్కటే కష్టం. అద్దెకి తీసుకున్న సైకిలు మాత్రం ఇబ్బంది పెట్టింది. వెనక బ్రేక్ ప్యాడ్లు అరిగిపోయాయని మొదటి రోజు సాయంత్రం తెలిసింది. ఫోన్ చేస్తే, తూర్ నగరం చేరాక మారుస్తామన్నారు. అంటే ఇంకో రెండు రోజులు! టెన్షన్ పడుతూనే బ్లువా చేరాను. నా దగ్గర స్పేర్ ప్యాడ్లున్నాయి, హోటల్‌వాళ్లు పనిముట్లిచ్చారు. తలుపు మీద ‘ఆక్యూయ్ వెలో’ అనే గుర్తున్న చోట సైకిలుకి తాళం వేసిన గది, చిన్నాచితకా రిపేరు సామాను ఉంటాయి. ఈ దారిలో వెళ్లేవాళ్లు బస వెతికేటప్పుడు ఆ గుర్తు చూసుకోండి.

ఇక అసలు విషయం. మామూలు బాగెట్ వేరు, ‘త్రాదిస్యోన్’ వేరు. 1993లో వచ్చిన డిక్రీ ప్రకారం ఆ రెండో పేరుతో అమ్మే రొట్టెలో గోధుమపిండి, నీళ్లు, ఉప్పు, ఈస్ట్ లేదా పులిసిన పిండి ముద్ద ఉండాలి. చిక్కుడు జాతి గింజల పిండి లాంటివి ఒకటి రెండు చిటికెడు వేయొచ్చు గానీ, రసాయనాలు కలపకూడదు. తయారీలో ఎక్కడా ఫ్రీజ్ చేయకూడదు. 1998 చట్టం ఇంకో మెట్టు ఎక్కింది. పిండి కలపడం నుంచి కాల్చడం దాకా అమ్మేచోటే జరిగితేనే బులాంజెరీ అని బోర్డు పెట్టుకోవాలి. ఒక దేశం తన రొట్టె కోసం చట్టం చేసుకుందంటే నాకు గౌరవం కలిగింది. రాత్రి దోసెల పిండి రుబ్బి పెట్టుకుని పొద్దున్న మూత తీసి వాసన చూసే ఇంట్లో పెరిగినవాణ్ణి. పిండికి పులిసే టైమ్ ఇవ్వకపోతే ఏమవుతుందో నాకు తెలుసు.

బ్లువాలో కొన్న త్రాదిస్యోన్‌ని వంతెన గోడ మీద కూర్చుని విరిచాను. పెచ్చు ముదురు గోధుమరంగు, బ్లేడుతో గాటు పెట్టినచోట అంచు పైకి లేచి దాదాపు నల్లగా ఉంది. లోపల మీగడ రంగు, ఒకటి పెద్దది ఒకటి చిన్నది రంధ్రాలు, గోడలు నిగనిగలాడుతున్నాయి. కాస్త పులుపు, చివర్లో గింజ రుచి. వెన్న కూడా రాయలేదు. అరగంటలో సగం అయిపోయింది.

ఆంబువాజ్‌లో దిగిన హోటల్లో దానికి పూర్తిగా వ్యతిరేకం. అల్పాహారానికి పన్నెండు యూరోలు తీసుకుని, వేడి చేసిన ఫ్రోజెన్ రొట్టె పెట్టారు. కింద జల్లెడ గుర్తుల్లాంటి చుక్కలు, లోపల దూదిలా తెలుపు, నమిలితే రుచే లేదు. గది శుభ్రంగా ఉంది, మనుషులు మంచివాళ్లు. అయినా నేను మళ్లీ అక్కడ దిగను. దానికంటే బొజాన్సీ దగ్గర టెంట్ వేసుకున్న క్యాంప్‌సైట్ నయం. రాత్రి రిసెప్షన్‌లో కాగితం మీద పేరు రాస్తే, పొద్దున్న ఊళ్లోంచి తాజా రొట్టె తెప్పించి ఇచ్చారు. బులాంజెరీ లేని ఒక పల్లెలో బాగెట్ మెషిన్ కూడా చూశాను. నాణెం వేస్తే గోరువెచ్చటి బాగెట్ జారింది. గొప్పగా లేదు. కానీ మధ్యాహ్నం రెండింటికి, అన్నీ మూసేసిన ఊళ్లో, దాన్ని కళ్లకద్దుకున్నాను.

తూర్‌లో చదువుకుంటున్న మా తమ్ముడు అక్కణ్నుంచి నాతో కలిశాడు. మొదటి దుకాణంలోనే నన్ను ఆపాడు.

“అన్నయ్యా, ఊరికే బాగెట్ అని అడిగితే లేతగా కాలింది ఇచ్చేస్తారు. ‘బియాన్ క్విత్’ అని అడుగు, బాగా కాల్చింది అని.”

అప్పట్నుంచీ రోజూ అదే అడిగాను. దుకాణం బయటికి రాగానే వాడు కొన విరిచి నోట్లో వేసుకునేవాడు. అక్కడ అందరూ అంతేనట, రొట్టె ఇంటికి చేరేసరికి ముక్కు ఉండదు.

సైకిలు మీద బాగెట్‌తో చిక్కేమిటంటే, సాయంత్రానికి కర్రలా గట్టిపడుతుంది. సగం కావాలన్నా కోసి ఇస్తారు, అది తీసుకోవడం మేలు. దూరం వెళ్లేవాళ్లకి పులిసిన పిండితో చేసే ‘పాన్ ద కాంపాన్య్’ మంచిది, బట్టలో చుడితే మూడు రోజులు నిలుస్తుంది. విలాంద్రీ దగ్గర ఒక ఇంట్లో బస చేశాం. ఆ ఇంటావిడ అదే రొట్టెని మందంగా కోసి, సొంతంగా చేసిన ఆప్రికాట్ జామ్‌తో పెట్టారు. ఆరు రాత్రుల్లో అన్నిటికంటే మంచి బస అదే. పక్కనే మధ్యలో గడ్డిపరక గుచ్చిన సెంత్ మోర్ మేక చీజ్. శాకాహారులు ఒకటి గమనించండి, అక్కడి సంప్రదాయ చీజ్‌ల్లో పాలు విరగడానికి జంతువుల కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు. మా తమ్ముడు అందుకే జామ్‌తోనే సరిపెట్టుకున్నాడు.

సోమ్యూర్ దగ్గర తెల్ల సున్నపురాయి గుహల్లో హోటళ్లున్నాయి. అక్కడ కట్టెల పొయ్యిలో ‘ఫుయే’లు కాలుస్తారు. అరచేతిలో పట్టేంత పిండి ముద్దని ఒత్తి లోపలికి తోస్తే, చూస్తుండగానే పుల్కాలా పొంగి బంతి అయిపోతుంది. చీల్చి, లోపల ఉడికించిన తెల్ల చిక్కుడు గింజలు పెట్టుకుని తిన్నాం. ఆ పొంగే క్షణం దగ్గర అమ్మ గుర్తొచ్చింది ఇద్దరికీ.

ఆంజే చేరింది సోమవారం. చాలా బులాంజెరీలకి ఆ రోజు సెలవు. రెండు మూసి ఉన్నాయి, మూడోది తెరిచి ఉంది. నా రైలుకి ఇంకా ఇరవై నిమిషాలే. మా తమ్ముడు పరుగెత్తుకెళ్లి బాగా కాలిన త్రాదిస్యోన్ తెచ్చి, ప్లాట్‌ఫాం మీద నా చేతిలో పెట్టాడు. రెండు కొనలూ అలాగే ఉన్నాయి.