చెవి లోపలిదా, చెవి వెనకదా: ఏ మిషన్ మేలు?

నేను ఈమధ్య చెవి మిషన్ మార్చానని తెలిసిన దగ్గర్నుంచి బెంగళూరులో మనవాళ్ళు అడిగేది ఒకటే, బయటికి కనపడకుండా పూర్తిగా లోపలికి పోయేది కొనాలా, చెవి వెనక పెట్టుకుంటే సన్న వైరు లోపలికి వచ్చేది కొనాలా అని. నేను వెనకదే తీసుకున్నా.

లోపలిదాంట్లో మంచి లేదని కాదు. కళ్ళజోడుకీ హెల్మెట్‌కీ అడ్డం రాదు, గాలి హోరు తక్కువ. పెళ్ళి కావాల్సిన పిల్లలున్న ఇళ్ళల్లో అదే కావాలంటారు, ఎందుకో నాకు బాగా తెలుసు.

కానీ నాకు తేల్చేసింది గోలలో మాట అర్థం కావడం. వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందు పోయేది స, శ, చ, త లాంటి సన్నటి శబ్దాలు, అచ్చులు బానే వినపడతాయి, అందుకే "వినపడుతోంది గానీ ఏమన్నారో తెలీట్లేదు" అంటాం. వెనక మిషన్‌కి మామూలుగా రెండు మైకులుంటాయి, శబ్దం ఏ మైకుకి ముందు చేరిందో చూసుకుని ఎదురుగా ఉన్న మనిషి మాట నిలబెట్టి వెనక గోల తగ్గిస్తుంది. పూర్తిగా లోపలికి పోయేవాటిలో చోటు లేక చాలావాటికి ఒకటే మైకు. దర్శిని హోటల్లో నిలబడి తింటుంటే స్టీలు ప్లేట్ల చప్పుడు, చుట్టూ కన్నడ, ఎదురుగా ఫ్రెండు తెలుగు, అక్కడ తెలుస్తుంది తేడా. ఇంకోటి, చెవి మొత్తం మూసేస్తే మన గొంతే మనకి కుండలోంచి వచ్చినట్టుంటుంది, వెనకదాని వైరు చివర, చెవిలోకి వెళ్ళే చోట, చిల్లులున్న మెత్తటి డోమ్ (చిన్న రబ్బరు టోపీ లాంటిది) పెడితే ఆ బాధ చాలా తగ్గుతుంది. లోపం బాగా ఎక్కువుంటే మాత్రం డోమ్ చాలదు, చెవి కొలత తీసి దానికి సరిగ్గా అతికే మోల్డ్ చేయించుకోవాలి.

బ్యాటరీ సంగతి కూడా చూడండి, మరీ చిన్నవాటిలో పసుపు స్టిక్కరుండే 10 నంబరుది వేస్తారు, వారం కూడా రావడం కష్టం, వేళ్ళు వణికే పెద్దవాళ్ళకి అది మార్చడం నరకం. వెనకవాటిలో ఛార్జింగ్‌వి బోలెడున్నాయి.

ఎదుటివాళ్ళ మాటల్ని ఫోన్‌లో అక్షరాలుగా చూపించే గూగుల్ లైవ్ ట్రాన్‌స్క్రైబ్ యాప్ ఉచితం, తెలుగు కూడా ఉంది, కాకపోతే మన ఇళ్ళల్లో ఒకే మాటలో తెలుగు, కన్నడ, ఇంగ్లీషు కలిసిపోతే తడబడుతుంది, తోడుగా వాడుకోండి. టెస్టు లేకుండా అమ్మే చవక యాంప్లిఫైయర్లు వద్దు, మాటనీ గోలనీ కలిపే పెంచుతాయి.

ముందు ఆడియోగ్రామ్, అంటే వినికిడి టెస్టు, తీయించుకోండి, ఎక్కడ అని తెలీకపోతే మైసూరులో ఆయిష్ (ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్) ఉంది, కేంద్ర ప్రభుత్వ సంస్థ. ట్రయల్ ఇస్తే మాత్రం ఏసీ గదిలో విని సరే అనేయకండి, పెట్టుకుని మెజెస్టిక్ బస్టాండుకి వెళ్ళి పక్కమనిషితో కాసేపు మాట్లాడి చూడండి.