పోర్షె 914 నడుమ సుబారు ఇంజిన్, వెనక సుబారు గేర్‌బాక్స్: ఎనిమిదేళ్ల తర్వాత

ఎనిమిదేళ్లు, 41 వేల మైళ్లు. శాన్ హోసేలో మా ఇంటి గరాజ్‌లో పద్నాలుగు నెలల శని, ఆదివారాలు ఖర్చుపెట్టి చేసుకున్న బండి. 1974 మోడల్ పోర్షె 914లో సుబారు 2.2 లీటర్ల ఇంజిన్ పెట్టాను. ఇప్పటికీ వారంలో రెండు మూడు రోజులు ఆఫీసుకు ఇందులోనే వెళ్తాను. బండి చూసినవాళ్లంతా ముందు ఇంజిన్ గురించే అడుగుతారు. ఇన్నేళ్లు నడిపాక నాకు గట్టిగా తెలిసింది మాత్రం గేర్‌బాక్స్ సంగతి. మిడ్ ఇంజిన్ బండి (914లా ఇంజిన్ సీట్లకు వెనక, వెనక ఆక్సిల్‌కు, అంటే చక్రాల ఇరుసుకు, ముందు ఉండేది) సొంతంగా చేసుకోవాలనుకునేవాళ్లు ముందు ఎంచుకోవాల్సింది గేర్‌బాక్సే. అది కుదిరితే ఇంజిన్ దాని వెంటే వస్తుంది.

ఎందుకో చెప్తాను. పోర్షె 911ను పక్కనుంచి చూస్తే ముందు నుంచి వరస ఇలా ఉంటుంది: గేర్‌బాక్స్, ఆక్సిల్, చివర ఇంజిన్. మిడ్ ఇంజిన్ బండిలో ఇంజిన్ ముందుకొచ్చి గేర్‌బాక్స్ తోకకు పోతుంది. మొత్తం సెట్టును అటుది ఇటు తిప్పి పెడితే చక్రాలు కూడా వెనక్కి తిరుగుతాయి. అందుకే లోపల చక్రాలను తిప్పే పెద్ద పళ్లచక్రాన్ని (క్రౌన్ వీల్), దాన్ని నడిపే చిన్న పళ్లచక్రానికి (పినియన్) రెండో పక్కకు మార్చాలి. 911 గేర్‌బాక్స్‌ను 914కు తెచ్చినప్పుడు పోర్షె చేసింది ఇదే. రెనో 16 గేర్‌బాక్స్‌ను తన మిడ్ ఇంజిన్ కారు యూరోపాలో పెట్టినప్పుడు లోటస్ చేసింది కూడా ఇదే. బీటిల్ గేర్‌బాక్స్‌తో చేసేవాళ్లు ఈ సంగతి మరిచిపోతే ముందుకు ఒక్క గేరు, వెనక్కి నాలుగు గేర్లు మిగులుతాయి.

సుబారులో ఆ బాధ లేదు. దాని ఇంజిన్ ముందు ఆక్సిల్‌కు ముందు, గేర్‌బాక్స్ ఆక్సిల్‌కు వెనక ఉంటుంది. మిడ్ ఇంజిన్ బండికి కావాల్సిన వరసే అది. పాత ఆడిలదీ అదే వరస, అందుకే ఇంట్లో బండ్లు కట్టేవాళ్లు వాటి గేర్‌బాక్స్‌ల కోసం వెతుకుతుంటారు. ముందున్న సెట్టును యథాతథంగా వెనక్కి జరపడమే, ఏదీ తిప్పే పని లేదు. ఈ ముక్క అర్థమైన రోజున నా నిర్ణయం సగం అయిపోయింది.

మిగతా దారులు చూడలేదని కాదు. పోర్షె గేర్‌బాక్స్ ఉంచి రెంటినీ కలిపే అడాప్టర్ ప్లేటుతో సుబారు ఇంజిన్ బిగించవచ్చు, చాలామంది అలాగే చేస్తారు. షెవర్లె వీ8 పెట్టినవాళ్లూ ఉన్నారు. రెండు లీటర్ల ఇంజిన్ కోసం పుట్టిన గేర్‌బాక్స్ మీద అంత బరువు మోపడానికి నాకు మనసొప్పలేదు. అడ్డంగా కూర్చునే హోండా సెట్టు మరో దారి. ఫియట్ ఎక్స్1/9, టొయోటా ఎంఆర్2 లాంటి బండ్లు పుట్టుకతోనే అలా ఉంటాయి. ఇంజిన్, గేర్‌బాక్స్, కేబుళ్లు అన్నీ ఒకే బండి నుంచి రావడం దాని సుఖం. కొత్తగా ఛాసిస్ కట్టుకునేవాళ్లకు నేను ఆ దారే చెప్తాను. నా 914లో దాన్ని ఇరికించాలంటే వెనక భాగం కోయాలి, అది నాకు ఇష్టం లేదు.

గేర్‌బాక్స్ జంక్‌యార్డ్‌లో దొరికింది, 1992 సుబారు లెగసీ కారుది. అమెరికాలో 90ల మధ్య దాకా సుబారు ముందు చక్రాలు మాత్రమే నడిచే బండ్లూ అమ్మింది. అలాంటి గేర్‌బాక్స్ దొరికితే వదలకండి. నాలుగు చక్రాలూ నడిపేదైతే సెంటర్ డిఫరెన్షియల్ (ముందు, వెనక చక్రాలకు బలం పంచే భాగం) తీసేసి, లాక్ చేసే భాగం వేసి, తోకకు మూత చేయించాలి. డబ్బూ పోతుంది, పనీ పెరుగుతుంది. ఆక్సిల్స్ మాత్రం ఎలాగూ చేయించుకోవాల్సిందే: లోపలి జాయింటు సుబారుది, బయటిది పోర్షెది. నావి ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా చప్పుడు చేయలేదు.

ఈ అమరికలో నన్ను ఏడిపించింది గేరు లివర్. గేరు మార్చే కడ్డీ గేర్‌బాక్స్ తోకలో ఉంటుంది, నేను కూర్చునేది ఇంజిన్‌కు ముందు. మధ్యలో ఇంజిన్ అంతా అడ్డం. మొదట కడ్డీలు, జాయింట్లతో లింకేజీ చేశాను. ఒక్కో జాయింటులో వెంట్రుకవాసి వదులున్నా అన్నీ కలిసి చేతికొచ్చేసరికి అంగుళం అయ్యేది. మూడో గేరనుకుంటే ఐదోది పడేది. ఏడాది తర్వాత దాన్ని పీకేసి రెండు పుష్-పుల్ కేబుళ్లు వేశాను. మొదటి జత ఎగ్జాస్ట్‌కు దగ్గరగా పోయి పైతొడుగు కరిగిపోయింది. ఇప్పుడున్న జత ఎడమ గోడ వారగా, వేడి తొడుగులో పోతుంది. ఆరేళ్లుగా వెన్నలా పడుతున్నాయి గేర్లు. లివర్ ఎటు కదిలితే కడ్డీ ఎటు కదలాలో ముందే కాగితం మీద గీసుకోండి. నేను గీసుకోకపోవడం వల్ల ఒక బ్రాకెట్ మూడుసార్లు వెల్డింగ్ చేయాల్సి వచ్చింది.

రెండో పెద్ద పని నీళ్లు. అసలు 914 గాలితో చల్లబడే బండి, సుబారు ఇంజిన్‌కు నీళ్లు కావాలి. రేడియేటర్ ముందు డిక్కీలో పెట్టి, వేడి గాలి చక్రాల గూళ్లలోకి పోయేలా కంతలు కోశాను, బండి కిందుగా రెండు అల్యూమినియం పైపులు వేశాను. మొదటి వేసవిలో లాస్ ఏంజలిస్ వెళ్తూ గ్రేప్‌వైన్ అనే కొండ ఎక్కుడు ఎక్కుతుంటే ఇంజిన్ వేడి చూపే ముల్లు ఎర్రగీతకు పోయింది. గాలి బుడగ ఇంజిన్ పైన ఇరుక్కుంది. ఇంజిన్ మీద అన్నిటికన్నా ఎత్తైన చోటు నుంచి ఎక్స్‌పాన్షన్ ట్యాంకుకు (వేడికి పొంగిన నీళ్లు చేరే డబ్బా) సన్నని గొట్టం వేశాక ఆ సమస్య మళ్లీ రాలేదు. ఆగస్టులో సెంట్రల్ వ్యాలీ 42 డిగ్రీల ఎండలోనూ ముల్లు నడుమే ఉంటుంది.

ఇక నడక. అమెరికాకు వచ్చిన 1.8 లీటర్ల ఇంజిన్ 76 హార్స్‌పవర్ ఇచ్చేది, ఇప్పుడున్నది దాదాపు 130. అంకె చూస్తే పెద్దగా అనిపించదు. ఇంత తేలికైన బండికి అది చాలు. లిక్ అబ్జర్వేటరీకి వెళ్లే మౌంట్ హామిల్టన్ రోడ్డు మీద, వంపు తర్వాత వంపులో, స్టీరింగ్ ముందే నా మనసు చదివినట్టు తిరుగుతుంది. ఇంజిన్ బల్లపరుపుగా కింద కూర్చోవడం, రేడియేటర్ బరువు ముందుకు రావడం రెండూ కలిసొచ్చాయి. ఒక్క జాగ్రత్త: వంపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తే తోక బయటికి విసురుతుంది. తడి రోడ్డు మీద ఒకసారి పూర్తిగా తిరిగిపోయాను. ఆ రోజు ఎదురుగా బండి రాకపోవడం నా అదృష్టం.

పాత 914 కొనేవాళ్లు కుడివైపు బ్యాటరీ కింద తప్పకుండా చూడండి. యాసిడ్ కారి అక్కడ ఇనుము తినేస్తుంది, ఓనర్లు దాన్ని ‘హెల్ హోల్’ అంటారు. నేను అక్కడ కొత్త రేకు వేసి బ్యాటరీని ముందుకు మార్చాకే ఇంజిన్ పని మొదలుపెట్టాను. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడళ్లకు పొగ పరీక్ష లేదు. 1974 మోడల్ ఎంచుకున్నది అందుకే.

హైదరాబాద్‌లో ఉన్న తమ్ముళ్లు మారుతి 800 ఇంజిన్‌తో ఇలా చేయొచ్చా అని అడుగుతుంటారు. అది అడ్డంగా ఉండే సెట్టు కాబట్టి పని సాధ్యమే. కానీ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. చేస్తే ట్రాక్ మీదికే చేసుకోండి.

మళ్లీ చేస్తే ఒక్కటి మారుస్తాను. ఇంజిన్ వాల్వులను సమయానికి నడిపే టైమింగ్ బెల్టు ఇంజిన్ ముందువైపు, అంటే నా సీటు వెనక గోడకు ఆనుకుని ఉంటుంది. నాలుగో ఏట దాన్ని మార్చడానికి ఇంజిన్, గేర్‌బాక్స్ మొత్తం కిందికి దించాను, రెండు వారాంతాలు పోయాయి. ఈ వేసవిలో క్లచ్ ప్లేటు కోసం ఎలాగూ దించాలి. అప్పుడే ఆ గోడలో అడుగు వెడల్పు కిటికీ కోసి, బోల్టులతో విప్పుకునే మూత పెడతాను. రేకు ఇప్పటికే కోయించి ఉంచాను.