పక్షవాతం వచ్చిన అమ్మ చేతికి మా నాటు పిల్లి ఎంతవరకు పనికొచ్చింది

అమ్మకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక, ఫిజియోథెరపీలో మా ఇంటి నాటు పిల్లి చిట్టిని కూడా కలుపుకున్నాం. రెండు వేసవులు గడిచాయి. తిరుపతిలో ఇంకెవరైనా మొదలుపెట్టాలనుకుంటే పనికొస్తుందని రాస్తున్నా.

ఇంట్లో పిల్లి ఉండటం వేరు, పిల్లితో చికిత్స వేరు. చికిత్స అన్నప్పుడు ఒక లక్ష్యం ఉండాలి, అది ఎంతవరకు వచ్చిందో చూసే నిపుణులు ఉండాలి. మా ఫిజియోథెరపిస్టు మేడం పెట్టిన లక్ష్యం: కుడిచేత్తో బ్రష్ పట్టుకుని పిల్లిని మెడ నుంచి తోక దాకా దువ్వడం. భుజం కదలాలి, మోచెయ్యి చాచాలి, వేళ్లు పట్టు వదలకూడదు. పిడికి గుడ్డ చుట్టి లావు చేశాం. ఇదే కదలిక టేబుల్ మీద టవల్‌తో చేయమంటే అమ్మ "చాల్లేమ్మా, రేపు చూద్దాం" అనేది. చిట్టి పక్కన కూర్చుంటే ఆ మాట రాదు. బ్రష్ ఆగితే అది తల తెచ్చి చేతికి రుద్దుతుంది, అమ్మ మళ్లీ మొదలుపెడుతుంది. ఇప్పుడు గుడ్డ లేకుండానే బ్రష్ పట్టుకుంటోంది. మాట కూడా మెరుగైంది. మొదట్లో "చి" దగ్గరే ఆగేది, ఇప్పుడు పేరు పూర్తిగా పిలుస్తుంది. స్పీచ్ థెరపీ కూడా నడుస్తోంది కాబట్టి ఆ ఘనత అంతా పిల్లికే ఇవ్వలేను.

2019లో అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ల అధ్యయనంలో, కుక్కల్నీ పిల్లుల్నీ 10 నిమిషాలు నిమిరిన విద్యార్థుల లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను తగ్గింది. అయితే వాళ్లు కాలేజీ పిల్లలు, పక్షవాతం రోగులు కాదు. పిల్లిని నిమిరితే చెయ్యి వచ్చేస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి.

పిల్లి మన టైముకు రాదు. మే నెల ఎండల్లో బాత్రూం గచ్చు వదిలి కదలదు, ఆ రోజు టవలే గతి. పట్టుకుని ఒళ్లో కూర్చోబెట్టడం మా ఇంట్లో నిషేధం. తోక టపటపా కొట్టినా, చెవులు వెనక్కి వాల్చినా వదిలేస్తాం. పక్కవీధి వాళ్లు తమ తాతగారి కోసం చిట్టిని తెమ్మని అడిగితే ఒప్పుకోలేదు. కొత్త ఇంట్లో మంచం కింద దూరి భయపడటమే తప్ప దానివల్ల తాతకు ఒరిగేదేమీ ఉండదు.

అన్నిటికన్నా పెద్ద భయం, కాళ్లకు అడ్డం పడటం. అమ్మ కర్రతో నడిచే వేళకు పిల్లిని వేరే గదిలో పెడతాం, మెడలో చిన్న మువ్వ కట్టాం. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లకు గీరితే రక్తం త్వరగా ఆగదు, గోళ్లు కత్తిరిస్తూ ఉండాలి. గీరినా కరిచినా 15 నిమిషాలు సబ్బునీళ్లతో కడిగి డాక్టరు దగ్గరికి పోవాలి. పిల్లికి రేబిస్ టీకా తప్పనిసరి. 1955 నుంచి వెటర్నరీ కాలేజీ ఉన్న ఊరు మనది, ఇబ్బంది లేదు. రోగి మాత్రల డబ్బా పిల్లికి అందనివ్వకండి, ఒక్క పారాసిటమాల్ మాత్ర దాని ప్రాణం తీయగలదు.

మా ఇంట్లో దిగి కొండకు పోయే చుట్టాలు ఎప్పుడూ ఉంటారు. బయల్దేరేటప్పుడు పిల్లి ఎదురైతే అత్త గుమ్మంలోనే ఆగిపోతుంది. ఆ కాసేపు చిట్టి వెనక గదిలో ఉంటుంది, గొడవ లేదు.

మేడం ఇప్పుడు కొత్త లక్ష్యం పెట్టారు: డబ్బా మూత తిప్పి పిల్లి మేత తీయడం. మూత సగం తిరుగుతోంది.