వరుస సంఖ్యల లెక్కలకు క్యాసియో ఎఫ్ఎక్స్-991ఈఎస్ ప్లస్ ఎంతవరకు పనికొస్తుంది?

రెండు వరుస ధన పూర్ణసంఖ్యల లబ్ధం 306, అవేవి? పదో తరగతి వర్గ సమీకరణాల్లో ఈ రకం లెక్క తప్పదు. ఈ కాలిక్యులేటర్లో మోడ్ నొక్కి 5, ఆపైన 3 నొక్కితే గుణకాల గడులు వస్తాయి. ఎక్స్(ఎక్స్+1)=306ని ఎక్స్²+ఎక్స్−306=0గా మార్చుకుని 1, 1, −306 ఇవ్వాలి, ఒక్కోదాని తర్వాత ఈక్వల్ నొక్కాలి. మళ్లీ ఈక్వల్ నొక్కితే 17, ఇంకోసారి నొక్కితే −18.

బోల్తా పడేది ఇక్కడే. 17, −18 అడిగిన రెండు సంఖ్యలు కావు, మొదటి సంఖ్యకే వచ్చిన రెండు విలువలు. మొదటిది 17 అయితే రెండోది 18. −18 అయితే రెండోది −17. ధన సంఖ్యలన్నారు కాబట్టి ఆ జత పోతుంది. మైనస్ చెరిపేసి 17, 18 అని రాసినా జవాబు సరిపోతుంది, అందుకే ఈ తప్పు ఏళ్ల తరబడి దొరక్కుండా ఉంటుంది. వర్గాల మొత్తం 365 అన్న లెక్కలో 13, −14 వచ్చినప్పుడూ ఇదే తంతు.

ఇంకో చిక్కు గుర్తులది. అదే మోడ్ 5లో 1 గానీ 2 గానీ నొక్కితే వచ్చే రేఖీయ సమీకరణాలకు స్థిరపదం కుడివైపున ఉండాలి. 3 (వర్గ), 4 (ఘన) సమీకరణాల్లో ఎడమవైపున ఉండాలి. పొరపాటున +306 ఇస్తే సంకీర్ణ మూలాలు, అంటే ఐ అనే ఊహాసంఖ్యతో కూడిన జవాబులు వస్తాయి. తెరమీద ఐ కనిపించిందంటే ముందు గుర్తు చూసుకోండి.

‘మూడు వరుస బేసి సంఖ్యల మొత్తం 87’ లాంటి వాటికి సాల్వ్ అనే సౌకర్యం ఉంది: సమీకరణం కొట్టి, షిఫ్ట్ కాల్క్ నొక్కి, ఒక ఆరంభ విలువ ఇవ్వాలి. ఎక్స్, ఎక్స్+2, ఎక్స్+4 అనుకుంటే 27 వస్తుంది. (నడిమి సంఖ్యను ఎక్స్ అనుకుంటే 3ఎక్స్=87, నోటిలెక్కే.) బేసి కదా అని ఎక్స్+1, ఎక్స్+3 రాసేవాళ్లకు పూర్ణసంఖ్య రాదు, కాబట్టి తప్పు వెంటనే తెలుస్తుంది. వర్గ సమీకరణాలకు మాత్రం సాల్వ్ వద్దు. ఒకసారికి ఒక్క మూలమే ఇస్తుంది, అది ఏదన్నది మీరిచ్చిన ఆరంభ విలువను బట్టి ఉంటుంది.

అసలు పరీక్ష ఇది: ఆ లెక్కలో ‘బేసి’ తీసేసి ‘సరి’ అని పెట్టండి. సమీకరణం మారదు, యంత్రం నిక్షేపంగా 27 ఇస్తుంది. 27 సరి సంఖ్య కాదు, అంటే లెక్కకు జవాబే లేదు. కాలిక్యులేటర్ ఆ మాట చెప్పదు, చెప్పించే దారి మాత్రం ఉంది. సరి సంఖ్యలను 2ఎక్స్, 2ఎక్స్+2, 2ఎక్స్+4గా రాస్తే 6ఎక్స్+6=87 అవుతుంది, ఎక్స్ 13.5 వస్తుంది. పూర్ణసంఖ్య కాలేదంటే అలాంటి సంఖ్యలు లేవు. బేసి సంఖ్యలకు 2ఎక్స్+1తో మొదలుపెట్టాలి.

ఎక్స్ విలువలను, వాటికి వచ్చే ఫలితాలను పట్టికగా చూపే టేబుల్ మోడ్ (మోడ్ 7) చిన్న సంఖ్యలను వరసగా పరిశీలించడానికి బాగుంటుంది, 30 వరుసలు దాటనివ్వదు. సౌర ఫలకంతో పాటు ఎల్ఆర్44 బటన్ సెల్ ఉంటుంది కాబట్టి మసక వెలుతురులోనూ పనిచేస్తుంది.

సీబీఎస్ఈ పదో తరగతి పరీక్షలోకి దీన్ని రానివ్వరు, జేఈఈలోకీ అంతే. ఈ లెక్కల కోసమే అయితే కొనక్కర్లేదు. ముందుముందు ఇంజనీరింగ్‌లో మాత్రికలకు, సదిశలకు ఎలాగూ కావాలనుకుంటే ఇప్పుడే తీసుకుని జవాబులు సరిచూసుకోవడానికి వాడుకోవచ్చు.