నలభై మందికి గుడ్డు లేని చాక్లెట్ పుడ్డింగ్: ఏ సరుకు కొనాలి, ఏది వదిలేయాలి

ముందే చెప్పేస్తాను. పదిమందికి కాదు, నలభై మందికి పొరలు పొరలుగా ఉండే చాక్లెట్ పుడ్డింగ్ చేయాలంటే, బీటర్‌తో కొట్టి పొంగించే విప్పింగ్ క్రీమ్ జోలికి అసలు వెళ్లక్కర్లేదు. మారీ బిస్కెట్లు, పాలు, కస్టర్డ్ పౌడర్, కోకో పౌడర్, అమూల్ ఫ్రెష్ క్రీమ్, అమూల్ డార్క్ చాక్లెట్ ఉంటే చాలు, ఓ మోస్తరు సూపర్ మార్కెట్‌లో ఇవన్నీ ఒకేచోట దొరుకుతాయి. ఓవెన్ వద్దు, జెలటిన్ వద్దు, గుడ్డు వద్దు. మా అపార్ట్‌మెంట్ కార్తీక వనభోజనాలకి నేను చేసి తీసుకెళ్లేది ఇదే. అక్కడ గుడ్డు తగిలిందని తెలిస్తే సగం మంది ముట్టుకోరు, మా అత్తగారైతే కేకు కనబడగానే "ఎగ్‌లెస్సేనా అమ్మా?" అని అడిగాకే చెంచా పట్టుకుంటారు. కాబట్టి ఇది ఒక్క వస్తువు మీద రివ్యూ కాదు, ఈ పుడ్డింగ్‌లోకి వెళ్లే సరుకుల్లో దేనికి డబ్బు పెట్టాలో, దేనికి అక్కర్లేదో చెప్పే రివ్యూ.

క్రీమ్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే జనం ఎక్కువ డబ్బు తగలేసేది, ఎక్కువ టెన్షన్ పడేది ఇక్కడే. అమూల్ ఫ్రెష్ క్రీమ్ గురించి ఎక్కడ చూసినా ఒకటే ఫిర్యాదు, "ఎంత కొట్టినా పొంగలేదు" అని. పొంగదండి, అది పొంగే క్రీమ్ కాదు. అందులో వెన్నశాతం 25, గాలి పట్టి గట్టిగా నిలబడాలంటే కనీసం 30 శాతం ఉండాలి. దాన్ని లోపం అనుకునేవాళ్లతో నేను ఒప్పుకోను. కరిగించిన చాక్లెట్‌లో కలిపి పైపొరగా పోయడానికి మనకి కావలసింది గాలి కాదు, కమ్మదనం, ఆ పనికి ఈ క్రీమ్ చక్కగా సరిపోతుంది. పైగా టెట్రా ప్యాక్ విప్పేదాకా ఫ్రిజ్‌లో పెట్టక్కర్లేదు, నాలుగు రోజుల ముందే తెచ్చి అలమారలో పడేయొచ్చు. పెద్ద వంట పెట్టుకున్నప్పుడు ఫ్రిజ్‌లో చోటు ఎంత విలువైనదో ఒక్కసారి ఇరవై మందికి వండినవాళ్లకైనా తెలుస్తుంది.

ఇక బేకరీ సామాన్ల కొట్లలో దొరికే నాన్ డెయిరీ విప్పింగ్ క్రీమ్. అది నూనెల కొవ్వుతో చేసేది, గడ్డకట్టించి మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంచాలి, వాడే ముందు రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి నెమ్మదిగా కరగనివ్వాలి, చల్లగా ఉండగానే కొట్టాలి. కొట్టువాడి ఫ్రీజర్ దగ్గర్నుంచి మన ఇంటి దాకా ఎక్కడ తేడా వచ్చినా అంతే. పేరు చెప్పను, ఒక కొట్టులో నాకు ఇచ్చిన ప్యాకెట్ ఇంటికి తెచ్చి విప్పితే నీళ్లు వేరు, తెల్లటి తరకలు వేరుగా ఉన్నాయి, ఒకసారి కరిగిపోయిన సరుకుని మళ్లీ గడ్డకట్టించి అమ్మారని చూడగానే తెలిసిపోయింది. అడిగితే "అది అలాగే ఉంటుంది మేడమ్" అన్నారు. అలా ఉండదు. క్రీమ్ బాగున్నా సరే, నోట్లో వేసుకున్నాక నాలుక మీద ఒక జిడ్డు పొర మిగులుతుంది, తీపి కూడా ముందే కలిపేసి ఉంటుంది కాబట్టి మన చేతిలో ఏమీ ఉండదు. కేకు మీద పువ్వులు వేయాలంటే అది కావాలి, కాదనను. ట్రేలో పుడ్డింగ్‌కి మాత్రం నా ఓటు ఫ్రెష్ క్రీమ్‌కే.

చాక్లెట్ దగ్గర మాత్రం చేయి వెనక్కి తీయకండి. 2024లో అంతర్జాతీయ మార్కెట్లో కోకో ధర టన్నుకి 10 వేల డాలర్లు దాటింది, ఆ సెగ మన కొట్లకీ తగిలింది, కాబట్టి అరకిలో కాంపౌండ్ దిమ్మ చవగ్గా కనబడితే చేయి అటే పోతుంది. ప్యాకెట్ తిప్పి వెనక చదవండి. కోకో బటర్ అని ఉండాల్సిన చోట హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ అని ఉంటే అది కాంపౌండ్. కోకో బటర్ సుమారు 34 డిగ్రీలకి కరుగుతుంది, అంటే మన నోటి వేడికే కరిగిపోతుంది. ఆ వనస్పతి కొవ్వు అలా కరగదు, అంగిటికి మైనం పూసినట్టు అంటుకుంటుంది. ఈ పుడ్డింగ్‌లో నోటికి మొదట తగిలేది పైపొరే, అక్కడ మైనం తగిలితే కింద ఎంత కష్టపడి ఏం లాభం.

నేను వాడేది అమూల్ డార్క్, 55 శాతం కోకో ఉన్నది, 150 గ్రాముల బార్. పిల్లలకి చేదు అవుతుందేమో అని చాలామంది అడుగుతారు. బార్ విడిగా కొరికితే కాస్త చేదే, కానీ కింద తియ్యటి కస్టర్డ్ ఉంటుంది, బిస్కెట్ ఉంటుంది, క్రీమ్ కలిశాక ఆ చేదు సర్దుకుంటుంది. మిల్క్ చాక్లెట్‌తో చేస్తే రెండో చెంచాకే వెగటు పుడుతుంది, అందులోనూ పులిహోర, గారెలు, మిరపకాయ బజ్జీ తిన్నాక తినేవాళ్లకి. లెక్క కూడా తేలిక: 9 అంగుళాలకి 13 అంగుళాల ట్రేకి రెండు బార్లు, ఒక 250 మిల్లీలీటర్ల క్రీమ్ ప్యాకెట్. తూకం రాయి అక్కర్లేదు. ఆ ట్రేలో ఇరవై ముక్కలు వస్తాయి, నలభై మందికి రెండు ట్రేలు.

మన దగ్గర పండే కోకో గురించి కూడా ఒక మాట. దేశంలో కోకో ఎక్కువగా పండించే రాష్ట్రం ఆంధ్రప్రదేశే, ఉమ్మడి పశ్చిమ గోదావరిలో కొబ్బరి, పామాయిల్ తోటల నీడలో అంతర పంటగా వేస్తారు. ఆ కోకోతో చాక్లెట్ చేసే 'మనం చాక్లెట్' అనే కంపెనీ వాళ్లు 2023లో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో కొట్టు తెరిచారు. ఆ చాక్లెట్ విడిగా, తీరిగ్గా, ఒక్కో ముక్కా రుచి చూస్తూ తినాల్సినది. ఎవరికైనా బహుమతిగా ఇవ్వాలంటే సంతోషంగా కొంటాను. కస్టర్డ్, కాఫీ, బిస్కెట్ల మధ్య దాని రుచి కప్పబడిపోతుంది కాబట్టి ట్రేలో మాత్రం పోయను.

మారీ బిస్కెట్ విషయంలో బ్రిటానియా మారీ గోల్డ్ అయినా, పార్లే మారీ అయినా ఈ పుడ్డింగ్‌లో నాకు తేడా తెలియలేదు, ఏది ఆఫర్‌లో ఉంటే అది తెచ్చేస్తాను. 1874లో లండన్‌లో పీక్ ఫ్రీన్ అనే కంపెనీ, రష్యా రాకుమారి మరియా పెళ్లి సందర్భంగా తయారుచేసిన బిస్కెట్ ఇది. నూట యాభై ఏళ్లయినా దీనికి సాటి వచ్చే పుడ్డింగ్ బిస్కెట్ నాకు దొరకలేదు. పలచన, తీపి తక్కువ, వెన్న తక్కువ, అందుకే తడిని నెమ్మదిగా తాగి రాత్రికి రాత్రి కేకులా మెత్తబడుతుంది, ఆకారం మాత్రం పోదు. పార్లే జీ చాయ్‌లోకి నాకు ప్రాణం, కానీ ఇక్కడ పాలు తగలగానే నానిపోతుంది, తీపీ ఎక్కువే. ఓరియో ఖరీదు, పైగా లోపలి తెల్ల క్రీమ్ వల్ల మొత్తం పంచదార మయం. డైజెస్టివ్ అయితే గోధుమ వాసన, ఉప్పదనం చాక్లెట్‌ని కమ్మేస్తాయి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి మాత్రం ఒక సలహా: ఉస్మానియా బిస్కెట్లు నాలుగు చేత్తో నలిపి, వడ్డించే ముందు పైన చల్లండి. ఆ వెన్న, ఆ చిటికెడు ఉప్పు డార్క్ చాక్లెట్ మీద పడితే అమోఘం. ముందే చల్లితే తడి పీల్చి మెత్తబడిపోతాయి, అందుకే వడ్డించేటప్పుడే.

ఒక ట్రేకి మూడు వరసలు, సుమారు 400 గ్రాముల బిస్కెట్. గుండ్రటి బిస్కెట్ల మధ్య సందులు మిగులుతాయి కదా, విరిచి ముక్కలు దూర్చేయండి, అందం ఎవరూ చూడరు.

కస్టర్డ్ పౌడర్ మీద పెద్దగా చెప్పేది లేదు, వనిల్లా రుచిది ఏదైనా ఫరవాలేదు. అసలు ఈ పొడి పుట్టిందే గుడ్డు పడనివాళ్ల కోసం. 1837లో బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన, భార్యకి గుడ్డు పడక, మొక్కజొన్న పిండితో కస్టర్డ్ చేశాడు. మా అత్తగారికి ఈ సంగతి చెప్పాక ఆవిడకి దీని మీద నమ్మకం కుదిరింది. ట్రేకి లీటరు పాలు, 80 గ్రాముల కస్టర్డ్ పౌడర్, 30 గ్రాముల కోకో పౌడర్, 120 గ్రాముల పంచదార. ప్యాకెట్ మీద రాసిన కొలత పళ్ల ముక్కల మీద పోసుకునే జారుడు కస్టర్డ్‌కి, మనకి ముక్క కోస్తే నిలబడాలి, అందుకే పొడి ఎక్కువ. పొడులు రెండూ జల్లించి, లీటరులోంచి తీసిన చల్లటి పాలు ఓ గ్లాసుతో ఉండల్లేకుండా కలిపి, పంచదార వేసి మరిగిస్తున్న మిగతా పాలలో ఒక చేత్తో పోస్తూ రెండో చేత్తో తిప్పుతూనే ఉండాలి. చిక్కబడగానే దించేయకండి, బుడగలు టప్ టప్ మని పేలడం మొదలయ్యాక కూడా ఓ రెండు నిమిషాలు సన్న సెగ మీద తిప్పండి, లేకపోతే పచ్చిపిండి వాసన పోదు. అడుగు మందం గిన్నె తప్పనిసరి.

ఇక పొరలు పేర్చడం. కస్టర్డ్ వేడిగా ఉండగానే పని మొదలుపెట్టాలి, చల్లారితే గట్టిపడి పరవడానికి మొరాయిస్తుంది. వెడల్పాటి పళ్లెంలో గోరువెచ్చటి పాలు, అందులో బ్రూ గానీ, ఇంట్లో ఉంటే ఫిల్టర్ కాఫీ డికాక్షన్ గానీ. కాఫీ తగిలితే చాక్లెట్ రుచి లేస్తుంది, ఇది మాత్రం వదలకండి. పిల్లల ట్రే వేరుగా చేస్తే కోకో కలిపిన పాలు చాలు. బిస్కెట్‌ని ఇటు ముంచి, అటు తిప్పి, వెంటనే తీసేయాలి, వేళ్ల మధ్య ఇంకా గట్టిగానే ఉండాలి. ఒక వరస బిస్కెట్, సగం కస్టర్డ్, మళ్లీ బిస్కెట్, మిగతా కస్టర్డ్, పైన చివరి వరస బిస్కెట్.

పైపొరకి చాక్లెట్ సన్నగా తరగాలి. క్రీమ్‌ని మరగనివ్వకూడదు, గిన్నె అంచు చుట్టూ చిన్న బుడగలు కనబడగానే దించి చాక్లెట్ మీద పోసి, మూత పెట్టి రెండు నిమిషాలు ముట్టుకోకుండా వదిలేయండి. తర్వాత మధ్యలోంచి చిన్న చిన్న సున్నాలు చుడుతూ కలపడం మొదలుపెట్టండి. మొదట తెల్ల చారలతో విరిగినట్టు కనిపిస్తుంది, కంగారు పడొద్దు, కలుపుతూ ఉంటే మధ్యలో నల్లగా, నిగనిగలాడుతూ ఒక చుక్క మొదలై అంచులదాకా పాకుతుంది, అది చూడటానికే నాకు ఈ వంట ఇష్టం. ఒకవేళ నూనె తేలినా ఓ చెంచాడు వెచ్చటి పాలు పోసి నెమ్మదిగా తిప్పితే దారికొస్తుంది. ట్రే మీద పోసి, ఇటూ అటూ వంచితే దానంతటదే సర్దుకుంటుంది. ఆవిరి తగ్గాక మూత పెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాలి. ఎనిమిది గంటలకి తక్కువైతే బిస్కెట్ ఇంకా కరకరలాడుతూనే ఉంటుంది, రెండో రోజు ఇంకా బాగుంటుంది.

నాకు నచ్చనిది ఒక్కటే, క్యాటరింగ్ వాళ్లు వాడే అల్యూమినియం ఫాయిల్ ట్రేలు. చవక, కడిగే పని లేదు, నిజమే. కానీ రెండు కిలోల పైన బరువు పడేసరికి ఎత్తగానే మధ్యకి వంగుతాయి, పైన నున్నటి చాక్లెట్ మీద బీట పడుతుంది. వాడితే కింద ఒక చెక్క పలకో, గట్టి అట్టో పెట్టి, పలకతో సహా ఎత్తండి. గాజు ట్రే ఉంటే పొరలు బయటికి కనబడతాయి, దాని అందమే వేరు, కాకపోతే బరువు, తిరిగి ఇంటికి చేరుతుందన్న నమ్మకమూ లేదు.

బయటికి తీసుకెళ్లేటప్పుడు థర్మాకోల్ పెట్టెలో అడుగున ఐస్ ప్యాకులు పరిచి పెట్టండి. పాలతో చేసింది కాబట్టి ఫ్రిజ్ బయట రెండు గంటలకి మించి ఉంచకూడదు, మన ఎండాకాలంలో అయితే గంటే. భోజనాలు సగంలో ఉండగా తీసి, కత్తిని వేడినీళ్లలో ముంచి తుడుచుకుంటూ కోస్తే ముక్కలు నీట్‌గా వస్తాయి.

పెద్దగా లెక్క వేసి చూస్తే, బేకరీలో ఇంతమందికి సరిపడా చాక్లెట్ కేకు ఆర్డర్ ఇవ్వడం కన్నా ఇది చాలా తక్కువలో తేలుతుంది. ఖర్చులో పెద్ద వాటా చాక్లెట్ బార్లదే, అదీ తగ్గించకండి. తక్కువ మంది వస్తున్నారంటే ట్రేలు తగ్గించండి గానీ చాక్లెట్ మార్చకండి. ఇంకోటి, క్రీమ్ లీటరు ప్యాక్ చవకని అది కొంటే సగం మిగులుతుంది, విప్పాక రెండు మూడు రోజుల్లో వాడేయాలి. మా ఇంట్లో అయితే మర్నాడు పనీర్ కూరలో పడుతుంది. ఆ ఓపిక లేకపోతే చిన్న ప్యాకెట్లు రెండు కొనుక్కోండి.