చిన్నబజారు పటాల అంగడిలో టిమ్ రస్సర్ట్ ఫొటో కట్టించాను

నెల్లూరు చిన్నబజారులో పటాలు కట్టే అంగడి ఒకటుంది. బోర్డు మీద అక్షరాలు ఎండకి వెలిసిపోయి పేరు కనపడదు. పటాల అంగడి ఎక్కడని అడిగితే అక్కడ ఎవరైనా చూపిస్తారు. ముందర వెంకటేశ్వరస్వామి, సాయిబాబా పటాలు వేలాడుతుంటాయి. లోపల గోడకి ఆనించి, కింద జననం, మరణం రాసిన పెద్దవాళ్ళ ఫొటోలు ఉంటాయి, తీసుకుపోయేవాళ్ళ కోసం. ఈ జూన్‌లో నేను అక్కడ ఒక పని చేయించుకున్నాను. పని ఎట్టా చేశారో చెప్పాలంటే ముందు ఆ ఫొటో ఎవరిదో చెప్పాలి.

నిజానికి అది ఫొటో కాదు, పేపరు కటింగు. 2008 జూన్ 14న న్యూజెర్సీలో మా అమ్మాయి వంటింటి కత్తెరతో కత్తిరించి దాచుకున్నాను. అందులో ఉన్నాయన టిమ్ రస్సర్ట్. అమెరికాలో ఎన్‌బీసీ చానల్లో ఆదివారం పొద్దున రాజకీయ నాయకుల్ని కూర్చోబెట్టి ప్రశ్నలడిగే 'మీట్ ద ప్రెస్' ప్రోగ్రాం ఆయనే నడిపేవారు. అంతకు ముందురోజు శుక్రవారం, వాషింగ్టన్‌లో తన ఆఫీసులోనే, ఆ ఆదివారం ప్రోగ్రాం కోసం మాటలు రికార్డు చేస్తూ చేస్తూ కుప్పకూలిపోయారు. 58 ఏళ్ళు.

నేను కావలిలో జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పేదాన్ని. అమ్మాయి పురుడికని ఆ ఏడు ఫిబ్రవరిలో సెలవు పెట్టి వెళ్ళాను. మార్చిలో మనవడు పుట్టాడు. ఆదివారం పొద్దున మా అల్లుడు కాఫీ కలిపి టీవీ పెట్టేవాడు. నేను బిడ్డని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రాస్తూ చూసేదాన్ని. మొదట్లో ఆ ఇంగ్లీషు వేగం అందేది కాదు. కానీ ఆయన అడిగే పద్ధతి మాత్రం రెండో వారానికే పట్టుబడింది. ఎదురుగా కూర్చున్న మనిషి ఎప్పుడో అన్న మాటని తేదీతో సహా తెర మీద వేయించి, తాపీగా చదివేవారు. అప్పుడు అట్లా అన్నారు కదా, ఇప్పుడు ఇట్లా అంటున్నారేమని అడిగేవారు. గొంతు పెంచేవారు కాదు. అవతలివాళ్ళు మాట తప్పిస్తే అదే ప్రశ్న మళ్ళీ అడిగేవారు.

లా చదివిన మనిషి. టీవీలోకి రాకముందు సెనేటర్ మొయ్నిహాన్ దగ్గర, తర్వాత న్యూయార్క్ గవర్నర్ మారియో కువోమో దగ్గర పనిచేశారు. ఇద్దరూ డెమోక్రాట్లే. అయినా ఆయన ముందు కూర్చోవాలంటే డెమోక్రాట్లకీ రిపబ్లికన్లకీ ఒకే టెన్షన్ అని మా అల్లుడు చెప్పేవాడు, ఆ నాలుగు నెలల్లో నేనూ చూశాను. 2000లో అమెరికా అధ్యక్ష ఎన్నికల రాత్రి కంప్యూటర్ బొమ్మలన్నీ పక్కనపెట్టి, చేతిలో చిన్న తెల్లబోర్డు పట్టుకుని, దాని మీద ఫ్లోరిడా అని మూడుసార్లు రాసి చూపించారట. చివరికి ఆ ఎన్నిక ఫ్లోరిడా రాష్ట్రంలో 537 ఓట్ల తేడా మీదే తేలింది. నల్లబల్ల, సుద్దముక్కలతో బతికిన నాకు ఆ సంగతి ఎంత నచ్చిందో చెప్పలేను.

ఆ శుక్రవారం మా అల్లుడు ఆఫీసు నుంచి వచ్చి బూట్లు కూడా విప్పకుండా టీవీ ముందు నిలబడిపోయాడు. అదే చానల్లో పేరున్న జర్నలిస్టు టామ్ బ్రోకా చెబుతున్నారు, రస్సర్ట్ ఇక లేరని. కొడుకు డిగ్రీ పూర్తయిందని కుటుంబమంతా ఇటలీ వెళ్ళారు, ఆయన అక్కణ్ణుంచి అప్పుడే తిరిగొచ్చారు. ఆయనకి గుండె రక్తనాళాల్లో జబ్బుందని డాక్టర్లకి ముందే తెలుసు. మందులు వాడుతున్నారు, వ్యాయామం చేస్తున్నారు. ఏప్రిల్ చివర్లో చేసిన ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా బాగానే వచ్చింది. రక్తనాళంలో పేరుకున్న కొవ్వు పగిలి, అక్కడ గడ్డకట్టి, రక్తం ఆగిపోయిందని తర్వాత చెప్పారు. ట్రెడ్‌మిల్ బాగుంటే గుండె బాగున్నట్టే అని అప్పటిదాకా అనుకునేదాన్ని. ఆ రాత్రే నెల్లూరుకి ఫోన్ చేసి మా ఆయన్ని మాత్రలు మానొద్దని బతిమాలాను.

ఆదివారం ప్రోగ్రాం మొదట్లో ఆయన కుర్చీ ఖాళీగా చూపించారు. ఆ రోజు అక్కడ ఫాదర్స్ డే. వాళ్ళ నాన్న బఫెలో ఊళ్ళో చెత్త ఎత్తే పనిచేసి, దానికి తోడు పేపర్లు చేరవేసే లారీ నడిపి పిల్లల్ని పెంచినాయన. అప్పటికింకా బతికే ఉన్నారు. నాకు ఆ తండ్రే కళ్ళ ముందు మెదిలారు. బిడ్డని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. ఎన్నడూ కలవని మనిషి కోసం అంత ఏడుపు ఎందుకొచ్చిందని అమ్మాయి అడిగితే చెప్పలేకపోయాను.

ఆగస్టులో తిరిగొచ్చాక ఆ కటింగుని ఒకచోట ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నాను. 2009 ఎన్నికల ముందు క్లాసులో పిల్లలకి ఒక పని పెట్టాను. తమ నియోజకవర్గంలో నిలబడినవాళ్ళు పాత పేపర్లో అన్న మాట ఒకటి, కొత్త పేపర్లో అన్న మాట ఒకటి కత్తిరించి తేవాలి, రెండూ పక్కపక్కన అంటించి ఒక్క ప్రశ్న రాయాలి. రిటైరయ్యేదాకా ప్రతి ఏడూ చేయించాను.

2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు మా ఇంట్లోకి మోకాలెత్తున నీళ్ళొచ్చాయి. గోడకున్న మేకు ఊడి పటం నీళ్ళలో పడింది. మర్నాడు చూస్తే కాగితం గ్లాసుకి అతుక్కుపోయి ఉంది, అంచుల్లో బురద. విప్పడానికి భయమేసి చీరలో చుట్టి బీరువాలో పెట్టేశాను. తర్వాత తీసుకెళ్ళి చూపించిన రెండు చోట్లా పనికిరాదు, పారేయండి అన్నారు. మూడోది ఈ అంగడి.

నడిపే అబ్బాయికి నలభై ఉంటాయి. నాన్న నుంచి వచ్చిన పని. కటింగు చూసి "ఈ దొర మీకేమవుతారమ్మా?" అని అడిగాడు. నాకు వెంటనే మాట రాలేదు. "నాకు పాఠం చెప్పినాయన" అన్నాను. ఏ కాలేజీలో అని అడిగాడు. అప్పుడు మొత్తం చెప్పాల్సొచ్చింది. మేకులు కొట్టే సుత్తి కింద పెట్టి పూర్తిగా విన్నాడు. ఆ ఒక్కదానికే ఈ అంగడికి ఐదు నక్షత్రాలు ఇస్తాను.

పని నా కళ్ళముందే మొదలుపెట్టాడు. వెనక అట్ట, మేకులు తీసేసి, గ్లాసుని కాగితంతో సహా ఫొటోలు కడిగే ట్రేలో పెట్టి మంచినీళ్ళు పోశాడు. నా గుండె ఝల్లుమంది. "పేపరు ఇంకు నూనె ఇంకమ్మా, నీళ్ళకి పోదు. కలర్ ప్రింటయితే నేనూ భయపడేవాణ్ణి" అన్నాడు. గంటసేపు దాన్ని ముట్టుకోలేదు. ఈలోగా ఒక పెళ్ళి ఫొటోకి బీడింగు, అంటే ఫ్రేము పట్టీ, కోసుకున్నాడు. తర్వాత పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు ఒకటి కాగితం కిందికి మెల్లగా పోనిచ్చి, నీళ్ళలోనే కదిలిస్తూ ఎత్తాడు. కాగితం పైకి లేచింది. ఎడమ చెవి దగ్గర చిటికెన వేలి గోరంత మేర పోయింది, అంతే. మొహం మొహంగానే ఉంది. అదే నవ్వు.

లామినేషన్ చేయమంటే వద్దన్నాడు. పేపరు కాగితం దానంతటదే పచ్చబడిపోతుంది, లామినేషన్ వేడికి ఇంకా పాడవుతుంది, మళ్ళీ విప్పడం కుదరదు అని. మామూలుగా అంగళ్ళవాళ్ళు లామినేషన్ చేసి డబ్బులు తీసుకుంటారు. ఇతను ఆరబెట్టిన కాగితాన్ని స్కాన్ చేయించి, కాపీని ఫ్రేములో కట్టి, అసలుదాన్ని కవర్లో పెట్టి ఆ కాపీ వెనకే భద్రం చేశాడు. గ్లాసు కాగితానికి తగలకుండా చుట్టూ అట్ట అంచు వేశాడు. నీళ్ళు పడకపోయినా మన ఊరి చెమ్మకి కాగితం గ్లాసుకి అంటుకుంటుందట. పాత ఫ్రేములో ఆ అంచు లేదు.

కింద ఏం రాయాలని అడిగాడు. తెలుగులోనే రాయమన్నాను. టిమ్ రస్సర్ట్, జననం 7-5-1950, మరణం 13-6-2008. మొదటి ప్రింటులో పేరు 'రసర్ట్' అని పడింది. చూపిస్తే మాట మాట్లాడకుండా మళ్ళీ తీశాడు, డబ్బులడగలేదు. బొట్టు పెట్టించమంటారా అనీ అడిగాడు. ఆయన క్యాథలిక్, వాళ్ళలో పెట్టరు అని చెప్పాను. గంధపు దండ కూడా వద్దన్నాను. ఊరికే ఆ ముఖం చాలు.

లోటుపాట్లు కూడా చెప్పాలి. గురువారం ఇస్తానని సోమవారం ఇచ్చాడు, మధ్యలో నేను రెండుసార్లు ఆటోలో తిరిగాను. జూన్ 13కి గోడ మీద ఉండాలని నా కోరిక, అది తప్పింది. ఆ రోజు కొంచెం బాధపడ్డాను. కుడివైపు కింది మూల బీడింగు అతుకులో సన్నని సందు ఉంది, దగ్గరగా చూస్తే కనపడుతుంది. రసీదు ఇవ్వరు. మొత్తం 950 రూపాయలు తీసుకున్నాడు, ఫోన్లో కట్టొచ్చు. పడ్డ శ్రమకి ఎక్కువేం కాదు.

మా మనవడు మొన్న వీడియో కాల్‌లో గోడ మీద ఫొటో చూసి ఎవరమ్మమ్మా అన్నాడు. నువ్వు నా కాళ్ళ మీద ఉన్నప్పుడు ఆదివారం పొద్దున టీవీలో వచ్చేవారు అని చెప్పాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి నాలుగింటిదాకా మూసేస్తారు, ఆదివారం సెలవు. బండి పెట్టుకోవడానికి చోటుండదు, ఆటోలో పోవడం మేలు. గ్లాసుకి అంటుకుపోయిన పాత ఫొటో మీ ఇంట్లో ఉంటే దాన్ని మీరు పీకొద్దు. ఫ్రేముతో సహా అట్టాగే గుడ్డలో చుట్టి తీసుకెళ్ళండి.