మూడు సైకిళ్లతో అకాడియాకు

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి మెయిన్ రాష్ట్రంలో అకాడియా నేషనల్ పార్కు పక్కనున్న బార్ హార్బర్‌కి దాదాపు 500 మైళ్లు. సైకిళ్లు అక్కడే అద్దెకు దొరుకుతాయి కదా, ఇంత దూరం మోసుకుపోవడం ఎందుకని మా ఆవిడ వాదన. ముగ్గురికి మూడు రోజుల అద్దె లెక్కేస్తే కారు వెనక బిగించి సైకిళ్లు మోసే రాక్ ఖర్చులో మంచి భాగం ఆ అద్దెకే పోతుందని నాది. చివరికి నేనే గెలిచాను.

అంతకుముందు ఏడాది ఒక స్నేహితుడి దగ్గర, సైకిల్‌ని ఫ్రేమ్ పైగొట్టం పట్టి వేలాడదీసే రాక్ అడిగి తీసుకున్నాం. చవక, తేలిక, బిగించడం కూడా సులువే. కానీ మా ఆవిడ సైకిల్‌కి పైగొట్టం కిందికి వంగి ఉంటుంది. దాన్ని వేలాడదీయాలంటే అడ్డంగా ఇంకో కడ్డీ తగిలించాలి. హైవే ఎక్కాక "ఏవండీ, వెనకాల ఏదో ఊగుతోంది" అని మొదలైన టెన్షన్ ఇల్లు చేరేదాకా తగ్గలేదు. దించి చూస్తే ఆమె సైకిల్ పెడల్ నా సైకిల్ పెయింట్‌ని గీరేసింది.

అందుకే ఈసారి చక్రాలు ట్రేలో కూర్చునే ప్లాట్‌ఫామ్ రాక్ కొన్నాం. వీటిలో వెయ్యి డాలర్లవీ ఉన్నాయి, రెండు వందలవీ ఉన్నాయి. మేం నాలుగు వందల దగ్గర ఆగాం. ఆ ధరలో నేను పట్టుబట్టినవి మూడే. కొక్కెం ముందు చక్రాన్నే పట్టుకోవాలి, ఫ్రేమ్‌ని తాకకూడదు. సైకిళ్లు ఎక్కించాక కూడా రాక్ కిందికి వంగి డిక్కీ తెరుచుకోవాలి. హిచ్‌లో (కారు వెనక రాక్‌ని దూర్చే ఇనుప అమరికలో) లొడలొడలాడకుండా బిగించే బోల్టు ఉండాలి. తళతళలాడే రంగులకీ, రాక్‌తోనే వచ్చే సన్నపాటి తాళానికీ ఎక్కువ పెట్టక్కర్లేదు. మేం వేరే గట్టి గొలుసు కొనుక్కున్నాం.

నాలుగు సైకిళ్ల రాక్ తీసుకుంటే పోలా అనిపిస్తుంది. మాది హోండా సీఆర్-వీ కారు. హిచ్ మీద పడే బరువుకు కారుకీ ఒక హద్దుంటుంది, హిచ్‌కీ ఒక హద్దుంటుంది. రెండింట్లో ఏది తక్కువైతే అదే లెక్క. రాక్ బరువు కూడా అందులోకే వస్తుంది. అందుకే రెండు సైకిళ్ల రాక్‌తో సరిపెట్టుకున్నాం. పాప చిన్న సైకిల్ ముందు చక్రం ఊడదీసి డిక్కీలో పెట్టాం. కొనేముందు కారు హిచ్‌కున్న రిసీవర్ (రాక్ దూర్చే చదరపు రంధ్రం) ఒకటింపావు అంగుళమా, రెండు అంగుళాలా అన్నది కొలిచి చూసుకోండి. నేను చూసుకోక ఒకసారి వెనక్కి పంపాల్సొచ్చింది.

దారిలో ఒక రాత్రి ఆగిన మోటెల్‌లో కింది గది అడిగితే ఇచ్చారు, సైకిళ్లు లోపల పెట్టుకోమన్నారు. బార్ హార్బర్ ఊళ్లో రేట్లు చూసి ఎల్స్‌వర్త్ వైపు బస తీసుకున్నాం. అక్కడ మాత్రం సైకిళ్లు గదిలోకి వద్దన్నారు. రాత్రి రెండుసార్లు లేచి కిటికీలోంచి చూశాను. బుక్ చేసేముందే ఫోన్ చేసి అడగాల్సింది.

అకాడియాలో క్యారేజ్ రోడ్లు చూశాక పడ్డ శ్రమ మర్చిపోయాం. గుర్రపు బళ్ల కోసం అమెరికన్ కోటీశ్వరుడు జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ 1913 నుంచి 1940 దాకా వేయించినవి. పార్కులో 45 మైళ్లు, కార్లకు ప్రవేశం లేదు. గుర్రాలు లాగాలి కాబట్టి ఎత్తులు మెల్లగా ఎక్కుతాయి. మా పాప ఈగిల్ లేక్ చుట్టూ ఆరు మైళ్లు ఎక్కడా దిగకుండా తొక్కింది. కూడళ్లలో నంబర్లు వేసిన చెక్క గుర్తులు ఉంటాయి, కానీ మ్యాప్ దగ్గర ఉంచుకోవడం మేలు. ఇ-బైక్ అయితే క్లాస్ 1 (తొక్కితేనే, అదీ గంటకు 20 మైళ్ల దాకానే మోటారు సాయపడే రకం) మాత్రమే రానిస్తారు. జోర్డాన్ పాండ్ దగ్గర పార్కింగ్ పొద్దున్నే నిండిపోతుంది. అక్కడి రెస్టారెంట్‌లో దొరికే పాపోవర్లు (గుడ్డు కలిపిన పిండితో ఓవెన్‌లో కాల్చేవి) పూరీలా పొంగి లోపల డొల్లగా ఉంటాయి. జామ్‌తో బాగున్నాయి గానీ, వాటికోసం క్యూ కట్టేంత కాదు. గుడ్డు తినని వాళ్లకు ఎలాగూ కుదరదు.

ఇంటికి రాగానే రాక్ విప్పేశాను. ఖాళీ రాక్ పైకి మడిచి ఉంచితే నంబర్ ప్లేటు కనబడదు, న్యూజెర్సీలో దానికి జరిమానా వేయొచ్చు. విప్పితే ఇంత ఇనుము ఎక్కడ పెట్టాలో తోచలేదు. మా ఆవిడ గరాజ్‌లో సోనా మసూరి బస్తాల పక్కన చోటు చూపించి లోపలికి వెళ్లిపోయింది.